వైకల్యానికి సాక్ష్యం: విదేశీ విశ్వవిద్యాలయానికి వైద్యుడు రాయవలసిన ఉత్తరం

కువైట్‌లో వైద్యునిగా పనిచేస్తున్న ఈ రెండు దశాబ్దాలలో నేను రాసిచ్చిన ధ్రువపత్రాలకు లెక్క లేదు. జ్వరం వల్ల పనికి రాలేకపోయాడని ఒకటి, నడుము నొప్పి వల్ల బరువులు ఎత్తరాదని ఒకటి, విమానంలో ప్రయాణించవచ్చునని మరొకటి. వాటన్నిటిదీ ఒకే మూస: రోగి పేరు, జబ్బు పేరు, తేదీ, సంతకం, ముద్ర. ముద్ర పడితే పని జరిగిపోతుందన్నది ఇక్కడి నమ్మకం. చాలా సందర్భాలలో అది నిజమే కూడా. కాని అలా రాసిన ఒక పత్రం మాత్రం పదేళ్ళుగా నా మనసులో ముల్లులా మిగిలిపోయింది. ఈ వ్యాసానికి మూలం అదే.

రాజంపేట ప్రాంతం నుంచి వచ్చి అబ్బాసియాలో స్థిరపడిన ఒక మిత్రుని కుమారుడు, కువైట్‌లోని భారతీయ పాఠశాలలో పన్నెండవ తరగతి ముగించి, ఇంజనీరింగ్ చదవడానికి బ్రిటన్ వెళ్ళాడు. మొదటి సంవత్సరం పరీక్షలకు రెండు వారాల ముందు తండ్రి నా దగ్గరికి వచ్చాడు. పిల్లవాడు పుస్తకాలు చదవలేకపోతున్నాడట, సమయం చాలడం లేదట, విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల సహాయ విభాగం వాళ్ళు ఏదో వైద్య పత్రం అడుగుతున్నారట. ఆరో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో హైదరాబాదులో ఒక మనస్తత్వ నిపుణురాలు పరీక్షించి డిస్లెక్సియా అని చెప్పిందని అప్పుడే నాకు తెలిసింది. ఆ నివేదిక బీరువాలోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. "సార్, మీ లెటర్‌హెడ్ మీద ఒక ముక్క రాసివ్వండి, పనైపోతుంది" అన్నాడు. రాసిచ్చాను. ఈ విద్యార్థి డిస్లెక్సియాతో బాధపడుతున్నాడు, తగిన సహాయం చేయగలరు అని ఒకే ఒక్క వాక్యం. సంతకం, ముద్ర.

వారం తిరిగేసరికి మర్యాదగా ఒక జవాబు వచ్చింది. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఈ నిర్ధారణ ఎవరు చేశారు, ఎప్పుడు? ఏ పరీక్షల ఆధారంగా చేశారు? ప్రస్తుతం ఈ విద్యార్థికి చదవడంలో, రాయడంలో, పరీక్షలు రాయడంలో కచ్చితంగా ఏయే ఇబ్బందులున్నాయి? వాటికి మీరు సూచించే సర్దుబాట్లు ఏమిటి, ఎందుకు? ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేదు. నేను సాధారణ వైద్యుణ్ణి. ఆ అబ్బాయి చదువుతుండగా ఎన్నడూ చూసినవాణ్ణి కాను. నిజానికి ఆ వాక్యం రాయడానికే నాకు అర్హత లేదు. కొత్తగా పరీక్షలు చేయించి నివేదిక తెచ్చేసరికి పరీక్షలు ముగిశాయి. అబ్బాయి ఆ సంవత్సరాన్ని మళ్ళీ చదవవలసి వచ్చింది. విదేశీ విద్యార్థికి ఒక సంవత్సరం అంటే ఎంత రుసుమో, ఇంటద్దె ఎంతో, ఆ కుటుంబం కువైట్‌లో ఎన్నాళ్ళు కష్టపడితే అంత కూడుతుందో నాకు తెలుసు.

ఆ తరువాత ఈ విషయాన్ని ఓపికగా చదివాను, అలాంటి నివేదికలు రాసే నిపుణులతో మాట్లాడాను. తెలుసుకున్నది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వేర్వేరు ప్రశ్నలు

మన దేశంలో వైకల్య ధ్రువపత్రం అనగానే స్ఫురించేది ఒక శాతం. తెలుగు రాష్ట్రాలలో 'సదరం' అనే మాట తెలియని పల్లె లేదు. వైకల్య నిర్ధారణకోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తయారైన కంప్యూటర్ వ్యవస్థ పేరులోని మొదటి అక్షరాలు కలిసి ఆ మాట అయింది. సదరం శిబిరంలో వైద్యులు పరీక్షించి ఇంత శాతం అని తేలుస్తారు. పింఛను, బస్సు రాయితీ, ఉద్యోగంలో రిజర్వేషను వంటివి ఆ అంకెను బట్టి ఉంటాయి. 1995 నాటి కేంద్ర చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, దాని స్థానంలో వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. 2017 ఏప్రిల్ 19 నుంచి ఇది అమలులో ఉంది. డిస్లెక్సియా మొదలైన అభ్యసన వైకల్యాలు ఈ చట్టంతోనే జాబితాలోకి వచ్చాయి. 40 శాతం, ఆపైన ఉన్నవారిని చట్టం ప్రత్యేక వర్గంగా చూస్తుంది. దేశమంతటికీ ఒకటిగా ఇప్పుడు యూడీఐడీ కార్డు ఉంది.

ఈ పద్ధతి ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది: పరిమితమైన ప్రభుత్వ సాయాన్ని ఎవరికి ఇవ్వాలి? దానికి గీత గీయక తప్పదు, గీత గీయడానికి అంకె కావాలి. విశ్వవిద్యాలయం అడిగే ప్రశ్న ఇది కాదు. మా తరగతి గదిలో, మా ప్రయోగశాలలో, మా పరీక్షలో ఈ విద్యార్థికి అడ్డుపడుతున్నది ఏమిటి, ఆ అడ్డు తొలగాలంటే మేమేం చేయాలి అన్నది దాని ప్రశ్న. 45 శాతం వినికిడి లోపం అన్న పత్రం చూసి ఏ అధ్యాపకుడూ ఏమీ చేయలేడు. నిశ్శబ్దమైన గదిలో ఎదురుగా కూర్చుంటే మాట అర్థమవుతుంది, రెండువందల మంది ఉన్న హాలులో వెనక వరుసలో అర్థం కాదు, అధ్యాపకుడు బోర్డువైపు తిరిగితే పెదవుల కదలిక కనబడదు అని రాస్తే, ఏం చేయాలో అతనికి వెంటనే తెలుస్తుంది.

ఈ తేడా వెనక వైద్యశాస్త్రంలోనే వచ్చిన ఒక మార్పు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రచురించిన వర్గీకరణ, వైకల్యాన్ని జబ్బు మిగిల్చే ఫలితంగా చూసింది. జబ్బు అవయవాన్ని దెబ్బతీస్తుంది, దానివల్ల శక్తి తగ్గుతుంది, అందువల్ల మనిషి వెనకబడతాడు అన్నట్టుగా ఒక వరుస. 2001లో వచ్చిన కొత్త వర్గీకరణ ఈ వరుసను వదిలిపెట్టి, మనిషి శరీరస్థితికీ అతను మసలే పరిసరాలకూ మధ్య జరిగే వ్యవహారంగా వైకల్యాన్ని నిర్వచించింది. మెట్లున్న చోట చక్రాల కుర్చీ వైకల్యం, వాలుదారి ఉన్న చోట అది వాహనం మాత్రమే. ఐక్యరాజ్య సమితి 2006 డిసెంబరు 13న ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ దృష్టికి చట్టరూపం ఇచ్చింది. దాని 24వ అధికరణం ఉన్నత విద్యలోనూ 'సహేతుక సర్దుబాటు' కల్పించాలని ప్రభుత్వాలను కోరుతుంది. భారతదేశం 2007లో, కువైట్ 2013లో ఆ ఒడంబడికలో చేరాయి.

మన న్యాయస్థానాలు కూడా ఈ దారిలోనే నడుస్తున్నాయి. చేతివేళ్ళు బిగుసుకుపోయి రాయలేని ఒక అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో సివిల్ సర్వీసుల పరీక్షలో లేఖకుణ్ణి నిరాకరించారు. వికాస్ కుమార్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, రిజర్వేషనుకు శాతం కావాలి గాని సర్దుబాటుకు శాతంతో ముడి లేదని తేల్చిచెప్పింది. విదేశానికి వెళ్ళే విద్యార్థి గుర్తుంచుకోవలసిన సూత్రం సరిగ్గా ఇదే.

కువైట్‌లో మన పిల్లల పరిస్థితి

కువైట్ ఈ విషయంలో వెనకబడిన దేశం కాదు. 1996లోనే ఇక్కడ వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2010లో 8వ నంబరు చట్టం వచ్చి, వికలాంగుల వ్యవహారాలకు ఒక ప్రభుత్వ ప్రాధికార సంస్థను ఏర్పరచింది. అభ్యసన వైకల్యాలున్న పిల్లలకోసం 1984 నుంచి పనిచేస్తున్న శిశు మూల్యాంకన, బోధన కేంద్రం ఈ ప్రాంతంలోనే చెప్పుకోదగినది. అయితే 2010 చట్టం ప్రధానంగా కువైటీ పౌరులకోసం చేసినది. కువైటీ తల్లికి, విదేశీ తండ్రికి పుట్టిన పిల్లలకు విద్యా వైద్య విషయాలలో అది వర్తిస్తుంది. ప్రవాస కార్మికుల, ఉద్యోగుల పిల్లలు దాని నీడలోకి రారు.

అలా మన పిల్లలు రెండు వ్యవస్థల మధ్య పడిపోతారు. పుట్టిపెరిగిన దేశంలో ప్రాధికార సంస్థ గుర్తింపు ఉండదు. స్వదేశంలో సదరం శిబిరానికి వెళ్ళడానికి సెలవులు చాలవు, వెళ్ళాలన్న ఆలోచన కూడా రాదు. పింఛను అక్కర్లేని కుటుంబానికి పత్రం ఎందుకన్న భావన ఒకటి. మిగిలినది సీబీఎస్‌ఈ పాఠశాల. ఇక్కడ మాత్రం ఒక మంచి మార్గం ఉంది. అర్హులైన పిల్లలకు బోర్డు పరీక్షలలో గంటకు ఇరవై నిమిషాల చొప్పున, అంటే మూడు గంటల ప్రశ్నపత్రానికి మరో గంట అదనపు సమయం ఇస్తుంది. లేఖకుణ్ణి అనుమతిస్తుంది, భాషల విషయంలో మినహాయింపులిస్తుంది. పాఠశాల ద్వారా ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. చాలామంది తల్లిదండ్రులు దీన్ని వాడుకోరు. పిల్లవాడికి ముద్ర పడుతుందని భయం.

ఆ భయానికి తరువాత మూల్యం చెల్లించవలసి వస్తుంది. విదేశీ విశ్వవిద్యాలయం అడిగే తొలి ప్రశ్నలలో ఒకటి, ఇంతకుముందు ఏ సర్దుబాట్లు పొందావు, అవి ఎలా ఉపయోగపడ్డాయి అన్నది. పదో తరగతిలో అదనపు సమయం ఇచ్చినట్టు బోర్డు ఇచ్చిన ఒక్క కాగితం, కొత్తగా ఒక వైద్యుడు రాసే నాలుగు పేజీలకంటె బలమైన సాక్ష్యం. ఎందుకంటే అది అవసరం పుట్టినప్పుడు పుట్టిన కాగితం.

ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క తీరు

అమెరికాలో రెండు చట్టాలు ప్రధానం: 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షను, 1990 నాటి వికలాంగుల చట్టం. 2008లో చేసిన సవరణ, వైకల్యం ఉందా లేదా అన్నదానిపై సుదీర్ఘమైన తర్కం అక్కర్లేదని, నిర్వచనాన్ని విశాలంగా చూడాలని చెప్పింది. అక్కడ పాఠశాలకూ కళాశాలకూ పెద్ద తేడా ఉంది. పాఠశాలలో వైకల్యాన్ని కనిపెట్టే బాధ్యత, పరీక్షలు చేయించే ఖర్చు పాఠశాలవి. కళాశాలలో విద్యార్థి తానే వెళ్ళి చెప్పుకోవాలి, తానే పత్రాలు తెచ్చుకోవాలి. ఉన్నత విద్యాసంస్థల వైకల్య విభాగాలలో పనిచేసేవారి సంఘమైన అహెడ్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆసక్తికరమైనవి. విద్యార్థి స్వయంగా చెప్పుకునే మాటను అవి మొదటి సాక్ష్యంగా పరిగణించాయి. విభాగంవారు మాట్లాడి గమనించినది రెండవది. బయటినుంచి తెచ్చే వైద్య పత్రాలు మూడవవి. అన్ని విశ్వవిద్యాలయాలూ దీన్ని ఒకే విధంగా పాటించవు. ప్రవేశ పరీక్షలు నిర్వహించే సంస్థలు మరింత కఠినంగా ఉంటాయి. అందువల్ల పూర్తి నివేదిక చేతిలో ఉండడమే క్షేమం.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, దైనందిన పనులపై గణనీయమైన ప్రభావం చూపుతూ పన్నెండు నెలలు, ఆపైన ఉండే లేదా ఉండగల శారీరక, మానసిక లోపమే వైకల్యం. ఈ నిర్వచనంలో శాతం లేదు. వైద్యుడు రాసే ఉత్తరంలో 'గణనీయం', 'దీర్ఘకాలికం' అన్న రెండు అంశాలూ స్పష్టంగా కనబడాలి. వికలాంగ విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక భత్యం సాధారణంగా విదేశీ విద్యార్థులకు రాదు. భత్యం రాదు గనుక హక్కు కూడా లేదనుకోవడం పొరపాటు. సర్దుబాట్లు చేసే బాధ్యత విశ్వవిద్యాలయానిదే, విద్యార్థి ఏ దేశంవాడైనా సరే.

ఈ బాధ్యత ఎంత బరువైనదో ఒక కేసు చెబుతుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థినికి నలుగురి ముందు మాట్లాడాలంటే తీవ్రమైన ఆందోళన. మౌఖిక పరీక్షల విషయంలో సరైన సర్దుబాట్లు జరగలేదు. 2018లో ఆమె మరణించింది. సంస్థ తన చట్టబద్ధ బాధ్యతను నెరవేర్చలేదని 2022లో కౌంటీ కోర్టు ఇచ్చిన తీర్పును 2024 ఫిబ్రవరిలో హైకోర్టు సమర్థించింది. ఇబ్బంది కళ్ళకు కడుతున్నప్పుడు కాగితం కోసం వేచి ఉండనక్కర్లేదన్న ఆలోచన ఆ తరువాత బలపడింది. కాని కాగితం ఉంటే ఎవరూ ఎదురుచూడవలసిన పనే ఉండదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మరో మెట్టు ఎక్కారు. యార్క్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థిని చేసిన ఫిర్యాదు ఫలితంగా, మానసిక సమస్యలున్న విద్యార్థులు జబ్బు పేరు వెల్లడించనక్కర్లేదని, ఏ ఇబ్బందులున్నాయో వైద్యుడు ధ్రువీకరిస్తే చాలునని 2016 జనవరిలో అక్కడి మానవ హక్కుల సంఘం ప్రకటించింది. జబ్బు పేరొక్కటే రాసి ఇబ్బందులు రాయని నా ఉత్తరం సరిగ్గా దానికి తలకిందులు! ఆస్ట్రేలియాలో 1992 నాటి వివక్ష వ్యతిరేక చట్టం, దాని కింద 2005లో వచ్చిన విద్యా ప్రమాణాలు, సర్దుబాటు నిర్ణయించేముందు విద్యార్థితో సంప్రదించాలని చెబుతాయి.

మరొక ముఖ్య విషయం. మన చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో టైప్-1 మధుమేహం లేదు. ప్రపంచంలో పిల్లలకు ఈ జబ్బు అత్యధికంగా వచ్చే దేశాలలో కువైట్ ఒకటి. ఇన్సులిన్ తీసుకుంటున్న ఆ పిల్లలు తమను వికలాంగులుగా ఎన్నడూ భావించుకోరు, భావించనక్కర్లేదు కూడా. కాని పరీక్ష మధ్యలో చక్కెర పడిపోతే ఆగి ఏదైనా తిని, తేరుకున్నాక ఆ సమయాన్ని కలుపుకుని రాయడానికి అనుమతి కావాలంటే వైకల్య విభాగంలో నమోదు కావలసిందే. మూర్ఛ, దీర్ఘకాలిక పేగు వ్యాధులు, తీవ్రమైన మైగ్రేన్ ఉన్నవారి సంగతీ ఇంతే. అక్కడ వైకల్యం అన్న మాట పరిధి మన వాడుకకంటె చాలా విశాలమైనది.

నివేదికలో ఏముండాలి

దేశాలు వేరైనా, ఉపయోగపడే నివేదికలో కనబడే అంశాలు ఇంచుమించు ఒక్కటే. మొదటిది, రాసినవారి వివరాలు: అర్హత, నమోదు సంఖ్య, చిరునామా, ఈ విద్యార్థిని ఎంతకాలంగా ఎరుగుదురు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు. రెండవది, స్పష్టమైన నిర్ధారణ. 'లక్షణాలు కనబడుతున్నాయి', 'కావచ్చు' అన్న మాటలు నిర్ధారణ కాదు. మూడవది, ఆధారం: ఏ పరీక్షలు, ఏ తేదీన, ఎన్ని మార్కులు వచ్చాయి, ఆ వయసువారిలో అవి ఏ స్థాయివి. నాలుగవది, ప్రస్తుతపు ఇబ్బందులు. అయిదవది, చికిత్స, మందులు, వాటి దుష్ఫలితాలు. ఉదయపు మాత్ర వల్ల మగత వచ్చే విద్యార్థికి తొమ్మిది గంటల పరీక్ష ఒక సమస్య. ఆరవది, జబ్బు ముందుముందు ఎలా ఉండబోతుంది: స్థిరమా, పెరిగేదా, వచ్చిపోయేదా. ఏడవది, సూచనలు. ప్రతి సూచనా పైన చెప్పిన ఒక ఇబ్బందికి జవాబుగా ఉండాలి.

ఈ చివరి మాటను ఒక ఉదాహరణతో వివరిస్తాను. మేనరికపు పెళ్ళిళ్ళు ఎక్కువైన మన ప్రాంతాలలోను, దగ్గరి బంధువుల వివాహాలు మామూలైన ఈ గల్ఫ్ దేశాలలోను, రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య నేత్రవ్యాధిని తరచుగా చూస్తాం. రేచీకటితో మొదలై చూపు క్రమంగా గొట్టంలోంచి చూసినట్టు కుదించుకుపోతుంది. దృష్టి 6/9 అని రాసి వదిలేస్తే చదివినవారు దాదాపు మామూలు చూపేననుకుంటారు. నిజానికి ఆ విద్యార్థి ముందున్న అక్షరాన్ని చదవగలడు గాని, పక్కనున్న కుర్చీని చూడలేడు. కాబట్టి దృష్టి క్షేత్రం ఎన్ని డిగ్రీలో పరీక్ష ఫలితంతో సహా రాయాలి. చీకటి పడ్డాక తెలియని చోట ఒంటరిగా నడవలేడు, పేజీ అంతటా చూపు తిప్పడానికి సమయం పడుతుంది, వెలుతురు తక్కువైన ప్రయోగశాలలో ప్రమాదం అని రాయాలి. అప్పుడు తరగతి భవనానికి దగ్గరలో వసతి, సాయంకాలపు తరగతులకు ప్రత్యామ్నాయం, కంప్యూటర్‌పై చదువుకునే పాఠాలు, అదనపు సమయం అన్న సూచనలు వాటంతటవే అర్థవంతమవుతాయి. జబ్బు పెరిగేది గనుక ఏటా తిరిగి చూడాలన్న మాటా అవసరమే.

అదనపు సమయం ఎంత అన్నది కూడా కారణంతో చెప్పాలి. సీబీఎస్‌ఈ ఇచ్చేది మూడో వంతు. బ్రిటన్‌లో సాధారణంగా నాలుగో వంతు, అమెరికాలో తరచుగా సగం ఇస్తారు. మా బడిలో ఇంత ఇచ్చారు గనుక ఇక్కడా అంతే కావాలనడం కుదరదు. నిమిషానికి ఎన్ని పదాలు చదవగలుగుతున్నాడు, ఆ వయసువారు సగటున ఎన్ని చదువుతారు అన్న కొలత ఉంటే వాదన అక్కర్లేదు. అలాగే 'వీలైనంత సహాయం చేయగలరు' అన్న వాక్యం ఏ సహాయాన్నీ తీసుకురాదు.

భాష అనే చిక్కు

అభ్యసన వైకల్యాల విషయంలో మన పిల్లలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. కువైట్‌లో పెరిగే తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో ఇంగ్లీషులో చదువుతాడు, రెండో భాషగా హిందీయో మరొకటో నేర్చుకుంటాడు. తెలుగు చదవడం చాలామందికి రాదు. ఇలాంటివాడు ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతుంటే, పరాయి భాష గనుక నెమ్మది అని విశ్వవిద్యాలయం అనుకోవచ్చు. నిజంగా వైకల్యమున్న పిల్లవాణ్ణి భాష రానివాడిగా, భాష సరిగా రాని పిల్లవాణ్ణి వైకల్యమున్నవాడిగా పొరబడడం రెండూ జరుగుతాయి.

నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను. మా తరగతిలో ఒక కుర్రవాడు పద్యాలన్నీ విని అప్పజెప్పేవాడు, లెక్కలు నోటితో చేసేవాడు, వాచకం తెరిస్తే మాత్రం ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగిపోయేవాడు. ఒత్తులు తారుమారయ్యేవి. మొద్దు అన్న పేరు స్థిరపడి, ఏడో తరగతితో చదువు మానేశాడు. అతనికి ఉన్నదేమిటో నాకు వైద్యవిద్య ముగించిన చాలా ఏళ్ళకు గాని స్ఫురించలేదు. మన లిపిలో అక్షరానికీ ధ్వనికీ సంబంధం ఇంగ్లీషులోకంటె నిలకడైనది. అలాంటి లిపులలో ఈ వైకల్యం తప్పులుగా కంటె నెమ్మదిగా ఎక్కువ బయటపడుతుంది. అయితే గుణింతాలు, ఒత్తులు కలిసి నేర్వవలసిన గుర్తుల సంఖ్య వందల్లో ఉంటుంది. మన లిపికి తోబుట్టువైన కన్నడంపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధనలు, ఆ గుర్తులన్నీ పట్టుబడడానికి పిల్లలకు ప్రాథమిక విద్యలో చాలా ఏళ్ళు పడుతుందని చూపాయి.

కాబట్టి నివేదికలో భాషా చరిత్ర తప్పక ఉండాలి: ఇంట్లో ఏ భాష, ఎన్నో ఏట ఇంగ్లీషు మొదలైంది, ఎన్నేళ్ళుగా ఆ మాధ్యమంలో చదువుతున్నాడు, ఇతర భాషలు చదవడంలోనూ ఇదే ఇబ్బంది ఉందా? బాల్యం నుంచి ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివి, మాట్లాడడంలో తడుముకోకుండా, చదవడంలో మాత్రమే వెనకబడితే అది భాష సమస్య కాదని చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

ఎవరు రాయాలి, ఎప్పుడు రాయాలి

జబ్బును చూసే నిపుణుడే దాని గురించి రాయాలి. అభ్యసన వైకల్యానికి మనస్తత్వ నిపుణులు, వినికిడికి శ్రవణ నిపుణులు, మానసిక వ్యాధికి మనోవైద్యులు. భారతదేశంలో పరీక్ష చేయించేటట్లయితే, 1992 నాటి చట్టం ద్వారా ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు వద్దకు వెళ్ళి, నివేదికలో ఆ నమోదు సంఖ్య వేయించాలి. బంధువులు రాసిన పత్రాలు సాధారణంగా చెల్లవు. మేనమామ పెద్ద డాక్టరైనా సరే, ఈ పనికి పనికిరాడు. మన కుటుంబాలలో ఇది కొంత మింగుడుపడని మాటే. పత్రం అరబ్బీలో ఉంటే అధికారికంగా అనువదింపజేయాలి.

వయసు కూడా ముఖ్యం. ఎక్కువగా వాడే వెక్స్‌లర్ బుద్ధి పరీక్షలలో పిల్లల కొలమానం పదహారేళ్ళ వయసుతో ముగుస్తుంది, పెద్దల కొలమానం పదహారు నిండగానే మొదలవుతుంది. పదకొండేళ్ళప్పటి నివేదిక వైకల్యం కొత్తగా పుట్టినది కాదని రుజువు చేస్తుంది గాని, ఇప్పటి స్థితిని చెప్పలేదు. అందువల్ల పదహారు దాటాక, అంటే పదకొండవ తరగతిలో, పెద్దల కొలమానంతో మళ్ళీ పరీక్షించుకుంటే బోర్డు పరీక్షకూ విశ్వవిద్యాలయానికీ కూడా పనికివస్తుంది. పాతదాన్ని పారేయరాదు, రెండూ జతచేయాలి.

ఏకాగ్రతా లోపానికి సంబంధించి మరో సూక్ష్మం. 2013లో వచ్చిన అమెరికా మనోవైద్య సంఘపు అయిదవ నిర్ధారణ గ్రంథం ప్రకారం, ఆ లక్షణాలు పన్నెండేళ్ళ లోపే, ఒకటికంటె ఎక్కువ చోట్ల కనబడి ఉండాలి. పద్దెనిమిదేళ్ళవాడికి పన్నెండేళ్ళలోపు ఏముండేదో చెప్పే సాక్షులు ఎవరు? పాత ప్రోగ్రెస్ కార్డులే. 'తెలివైనవాడే, కాని కుదురుగా కూర్చోడు', 'పని మధ్యలో వదిలేస్తాడు' అని మూడో తరగతి ఉపాధ్యాయిని రాసిన వాక్యం అప్పుడు వైద్య సాక్ష్యమవుతుంది. ఆ కార్డులు దాచుకోండి. ఆ జబ్బుకు వాడే మిథైల్‌ఫెనిడేట్ అంతర్జాతీయ నియంత్రణలో ఉన్న మందు గనుక, ప్రయాణంలో అసలు చీటీ, వైద్యుని ఉత్తరం వెంట ఉండాలి. వెళ్ళబోయే దేశపు నిబంధనలను ముందే చూసుకోవాలి.

కువైట్‌లో జూలై, ఆగస్టు నెలలలో వైద్యులు సెలవుల్లో ఉంటారు, సగం కుటుంబాలు స్వదేశంలో ఉంటాయి. అమెరికాలో తరగతులు ఆగస్టులో, బ్రిటన్‌లో సెప్టెంబరులో మొదలవుతాయి. మే నెలలో ఫలితాలు వచ్చాక ఈ పని మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

దాపరికం గురించి

చివరగా అన్నిటికంటె కష్టమైన విషయం. వైకల్యం ఉందని చెబితే సీటు రాదేమోనన్న భయం తల్లిదండ్రులను వేధిస్తుంది. అమెరికాలో ప్రవేశానికి ముందు వైకల్యం గురించి అడగడాన్ని నిబంధనలు సాధారణంగా నిషేధిస్తాయి. వైకల్య విభాగానికి ఇచ్చిన నివేదిక అధ్యాపకులకు వెళ్ళదు. ఏ సర్దుబాటు చేయాలో మాత్రమే వారికి తెలుస్తుంది. పట్టాపై ఎక్కడా రాయరు. ఆడపిల్ల పెళ్ళి సంబంధాల భయం దీనికి తోడు. ఆ భయానికి నా దగ్గర చట్టపు సమాధానం లేదు. చదువు ఆగిపోయిన పిల్లకూ పెళ్ళి సంబంధాలు చూడవలసిందేనని మాత్రం చెప్పగలను.

ఇంతకంటె లోతైనది మరొకటి ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన విద్యార్థి తరఫున తండ్రి మాట్లాడితే అక్కడ చెల్లదు. తానే వెళ్ళి, తన ఇబ్బంది ఏమిటో తన నోటితో చెప్పాలి. నా మిత్రుని కుమారుడు అది చెప్పలేకపోయాడు. ఎందుకంటే తనకు డిస్లెక్సియా ఉందని అతనికే తెలియదు. బీరువాలో దాచినది పొరుగువారి దగ్గర మాత్రమే కాదు, అతని దగ్గర కూడా దాచారు. పద్దెనిమిదేళ్ళూ తాను బద్ధకస్తుణ్ణని, మొద్దునని నమ్ముతూ వచ్చాడు. నేను వైద్యవిద్య ముగించాక గాని గుర్తించని ఆ బాల్యమిత్రునికీ ఇతనికీ తేడా లేదు, బీరువాలో ఒక నివేదిక ఉండడం తప్ప.

కొత్త పరీక్షల ఫలితాలు వచ్చాక అతను తానే ఒక పేజీ రాసి విశ్వవిద్యాలయానికి పంపాడు. ఒక పేజీ చదవడానికి తనకు ఎంతసేపు పడుతుందో, వాక్యం మధ్యలో దారి తప్పి ఎన్నిసార్లు మొదటికి వస్తాడో, ఎవరైనా చదివి వినిపిస్తే అదే విషయం ఎంత తొందరగా పట్టుబడుతుందో, ప్రశ్నలో 'కాదు' అన్న మాటను దాటిపోయి తెలిసిన జవాబును ఎలా పోగొట్టుకుంటాడో అందులో ఉంది. పాఠాలను వినిపించే సాఫ్ట్‌వేర్, అదనపు సమయం అతనికి లభించాయి. ఆలస్యంగానైనా పట్టా తీసుకున్నాడు.

ఆ పేజీ నకలు నా బల్ల సొరుగులో ఉంది. ఇప్పుడు ఎవరైనా తల్లిదండ్రులు వచ్చి ఒక ముక్క రాసివ్వమంటే, ముందు పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ లోపలికి పిలిచి, నీకు ఎక్కడ కష్టమవుతోందో చెప్పమని అడుగుతాను. అతను చెప్పినది రాసుకుని, ఎవరి దగ్గరికి పంపాలో వారి దగ్గరికి పంపుతాను. ముద్ర వేయడం ఆ తరువాతి పని.